పక్కన చోటు

మా బీఈడీ కాలేజీలో చదివిన ఒక అమ్మాయి ఏ కథ చదివినా ఒకటే అడిగేది: "ఈ పిల్ల పక్కన ఎవురు కూచుంటారు మేడం?"

టీచర్లు కాబోయే ఆ బ్యాచ్ చేత నేనొక నవల చదివించాను. హైస్కూలుకెళ్లే యానాది తెగ పిల్ల కథ అది. రాసినాయన కూడా యానాదే. చదివి అందరూ కళ్లు తుడుచుకున్నారు. క్లాసులో ఒకే ఒక్క యానాది, ఆ ప్రశ్న అడిగే అమ్మాయే. పుస్తకం అట్ట మీద అరచెయ్యి పరిచి, మళ్లీ అదే అడిగింది. పేజీలన్నీ తిరగేశాం. ఆ పిల్ల పక్కన ఎవరూ లేరు.

"మనోళ్లు రాసిన దాంట్లోనన్నా ఉంటారేమోననుకున్నా" అంది.

తర్వాత పాఠాలు చెప్పే శిక్షణకు ఆమెను మైపాడు వైపు ఒక బడికి పంపాం. ఆమె పాఠం చూసి మార్కులు వేయడానికి నేను వెళ్లేసరికి బోర్డు దగ్గర ఎవరూ లేరు. చివరి బెంచీలో ఒంటరిగా కూర్చునే యానాది పిల్ల పక్కన చేరి, అక్కణ్ణుంచే క్లాసుకు ఆ నవల చదివి వినిపిస్తోంది. టీచరు కూర్చుని పాఠం చెబితే మార్కులు తగ్గించాలి, అదే చెప్పాను.

"తగ్గించుకోండి మేడం, నేనీడే ఉంటా."

శిక్షణ ముగిసింది, ఆమె వెళ్లిపోయింది. ఇప్పుడెక్కడుందో తెలియదు.

మరుసటేడు కొత్త బ్యాచ్‌తో ఆ బడికే వెళ్లాను. ఆ పిల్ల పై తరగతికి వచ్చినా, చివరి బెంచీలో ఒక్కతే ఉంది. కుర్చీ లేక ఆ పిల్ల పక్కన కూర్చోబోయాను. ఖాళీ చోటు మీద గబుక్కున అరచెయ్యి పరిచింది.

"ఈడ కూచోబాకండి మేడం. మా టీచరమ్మ వస్తాది."