సీరియస్ అని వచ్చిన టెలిగ్రాం

మొన్న శ్రీకాకుళం వెళ్ళి తిరిగి విజయనగరం వస్తూంటే, ఎచ్చెర్ల దగ్గర యూనివర్సిటీ పిల్లలు కొందరు బస్సెక్కారు. నా పక్కన కూర్చున్న అమ్మాయి ఫోను చెవికి ఆనించుకుని, అవతల ఎవరో ఏదో చెబుతూంటే మాటమాటకీ "సీరియస్లీ?" అని కళ్ళు పెద్దవి చేసుకుని కిలకిలా నవ్వుతోంది. స్నేహితురాలికి ఎక్కడో సంబంధం కుదిరిందట, ఆ సంబరం అది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. కానీ ఆ మాట చెవిన పడ్డ ప్రతిసారీ నేను ముఖం తిప్పుకుని కిటికీలోంచి జీడితోటల వైపు చూశాను.

నా ఈడువాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. మన చిన్నతనంలో ఇంగ్లీషు రాని ఇళ్ళలోకి కూడా దర్జాగా నడిచి వచ్చేసిన మాటల్లో సీరియస్ ఒకటి. మా లెక్కల మాస్టారు జన్మలో నవ్వి ఎరగడు కనక ఆయన సీరియస్ మనిషి, హెడ్మాస్టారు బెత్తం తీస్తే ఆయన సీరియస్ అయిపోయినట్టు, పరీక్షలు దగ్గరికొస్తే అందరం సీరియస్‌గా చదవాలి. మా అమ్మ కూడా పాలవాడితో గొడవ పడి వచ్చి "సీరియస్‌గా సెప్పీసినానే" అనేది. అంతవరకూ బాగానే ఉంది. ఆసుపత్రిలో డాక్టరు నోట ఆ మాట వస్తే మనిషి ఇంకా ఉన్నట్టు, అదే మాట టెలిగ్రాంలో వస్తే మనిషి లేనట్టు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు కానీ, చనిపోయారని రాస్తే చదివినవాళ్ళు దారిలోనే ఏమైపోతారో అని, దగ్గరికి వచ్చేదాకా వాళ్ళ ప్రాణం నిలబెట్టడానికి సీరియస్ అని రాసేవారు. రాసినవాళ్ళకీ తెలుసు, తెచ్చిన పోస్ట్‌మ్యానుకీ తెలుసు, అందుకున్నవాళ్ళకీ తెలుసు. దయతో చెప్పే అబద్ధం అది, ఊరంతా కలిసి ఆడేది.

మాది గజపతినగరం దగ్గర పల్లె. నాన్న మా చిన్నప్పుడే పోయాడు. అమ్మ, నాకంటే పెద్దదైన మా అక్క, నేను, మా ముగ్గురికీ పెద్దదిక్కుగా పక్క ఊళ్ళో అమ్మకి అన్నగారు, మా మావయ్య. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్పని రాయగడలో కాగితం మిల్లులో పనిచేసే బావకిచ్చారు. తొలిచూలు. ఇంకా నెలలు నిండలేదు, మరో వారంలో మావయ్య వెళ్ళి పురిటికి తీసుకురావాలని అనుకున్నారు. నేను విజయనగరంలో టీచర్ ట్రైనింగు చదువుతూ వేసవి సెలవులకి ఇంటికొచ్చి ఉన్నాను. అప్పకి పెట్టడానికి అమ్మ అప్పుడే అరిసెలకి బియ్యం నానబెడదామా, ఇంకా ముందవుతుందా అని నన్ను రోజూ విసిగించేది.

ఆ రోజు పొద్దున్నే పోస్ట్‌మ్యాను మా వీధి మొదట్లోనే సైకిలు దిగి, గంట కొట్టకుండా నడిపించుకుంటూ వచ్చాడు. గంట కొట్టకుండా వచ్చాడంటే ఏమిటో వీధిలో అందరికీ తెలుసు కనక, అరుగుల మీద వాళ్ళు అప్పటికే లేచి నిలబడ్డారు. అమ్మ వైపు చూడకుండా కాగితం నా చేతికిచ్చి, "రాయగడ నుంచి వొచ్చినాదమ్మా. పెద్దమ్మికి సీరియస్ అంట, బేగి ఎల్లండి" అన్నాడు. నేను విప్పి చదివాను. డాటర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ. అంతే, బావ పేరు కింద. నేను చదవడం పూర్తికాకముందే అమ్మ గడపలో కూలబడిపోయింది. ఎదురింటి ముసలమ్మ వచ్చి అమ్మ తల తన ఒళ్ళో పెట్టుకుంది. ఎవరూ అప్ప ఎలా ఉందని అడగలేదు. తొలికానుపులో ఇలా పోయినవాళ్ళని ఒకరొకరుగా తలుచుకోవడం మొదలుపెట్టారు.

పొద్దుటి రైలుబండి అందుకోవచ్చు. ఇప్పుడు లెక్క వేసుకుంటే తాపీగా అందుకోవచ్చు. కానీ మావయ్య లేకుండా ఎలా వెళ్తాం? మనిషిని పంపితే ఆయన పొలంలోంచి అలాగే మట్టికాళ్ళతో వచ్చాడు. వచ్చి, అమ్మ పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ పైన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఇంటికి పెద్దగా తను చేయవలసిన పని గుర్తు చేసుకున్నాడు. ముత్తయిదువగా పోయిన ఆడపడుచుకి పుట్టింటివారు చీర, పసుపూ కుంకుమా, గాజులూ తీసుకెళ్ళాలి. అవి రాందే శవాన్ని లేవనెత్తరు.

నేను బండి వేళ అయిపోతోందని గొణిగితే ఆయన నా మీద కోప్పడలేదు. "పోయినోళ్ళ కాడికి పరిగెత్తి ఏటి సేస్తామే? పుట్టింటి సీర నేకుండా ఆడకూతుర్ని సాగనంపుతారేటి?" అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికి అప్పుడూ నాకేమీ దొరకలేదు, ఇప్పుడూ దొరకలేదు.

గజపతినగరం బజారులో బట్టల దుకాణం అప్పుడే తెరిచారు. మావయ్య ఎంచి ఎంచి పసుపు రంగుకి ఎర్ర అంచున్న నేత చీర తీశాడు. దుకాణదారు మమ్మల్ని ఎరిగినవాడే. చీర మడత పెడుతూ, అలవాటుగా దానికి తగిన ఎర్ర గుడ్డ తాను లాగి, రవిక గుడ్డకి కొలిచి కత్తెర పెట్టబోయాడు. చీరతో రవిక గుడ్డ లేకుండా మన వైపు ఏ ఆడదానికీ పెట్టరు కదా. మావయ్య చెయ్యి అడ్డం పెట్టి "వొద్దు" అన్నాడు. దుకాణదారు ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, కత్తెర కింద పెట్టేసి, చీర కాగితంలో చుట్టి ఇచ్చాడు. శవం మీద కప్పే చీరకి రవిక ఎందుకు?

మధ్యాహ్నం బండి ఎక్కాం. బొబ్బిలి, పార్వతీపురం, ఆ పైన కొండలు. అమ్మ ఆ చీర మూట ఒళ్ళో పెట్టుకుని దారంతా దాని మీంచి చెయ్యి తీయలేదు. ఎదురుగా కూర్చున్న ఒడియా ముసలాయన మమ్మల్ని చూసి ఏం గ్రహించాడో, తన కూజాలో నీళ్ళు గ్లాసులో పోసి అమ్మకి అందించాడు. అమ్మ తాగలేదు. పార్వతీపురం దాటాక నా వైపు తిరిగి "ఆ కాయితంలో ఇంకేటీ రాయలేదేటే?" అని అడిగింది. లేదన్నాను. ఏ ఆశతో అడిగిందో నాకు తెలుసు. ఆ ఆశని నేనూ పెట్టుకోలేదు, చదువుకున్నదాన్ని కదా, టెలిగ్రాంలో సీరియస్ అంటే ఏమిటో నాకు మరీ బాగా తెలుసు.

రాయగడలో పొద్దు వాలుతూంటే దిగి బావ క్వార్టర్సుకి వెళ్తే తాళం వేసి ఉంది. ముంగిట్లో జనం లేరు, ఏడుపు లేదు. పక్కింటామె ఆసుపత్రిలో ఉన్నారని సైగ చేసి చూపించింది. శవాన్ని ఇంకా ఇవ్వలేదు కాబోలు అన్నాడు మావయ్య. ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డులో గుమ్మానికి ఎదురు మంచం మీద, కళ్ళు తెరుచుకుని, గుమ్మం వైపే చూస్తూ అప్ప పడుకుని ఉంది.

ఆ క్షణం సంతోషమని నేను చెబితే అబద్ధమవుతుంది. మేం ముగ్గురం దెయ్యాన్ని చూసినట్టు నిలబడిపోయాం. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది, పెదవుల్లో రక్తం చుక్క లేదు. అప్ప మెల్లగా "పొద్దుట్నించీ సూస్తన్నానమ్మా" అంది. అమ్మ తూలుకుంటూ వెళ్ళి మంచం పట్టీ మీద కూర్చుంటే, అప్ప చూపు అమ్మ చేతిలో మూట మీద పడింది. కాగితం చిరిగి పసుపు రంగు కనిపిస్తోంది. అదేమిటని అడిగినట్టు చూసింది. అమ్మకి ఆ నిమిషంలో ఎలా తోచిందో, "నిన్ను పురిటికి తీసుకెల్దామని వొచ్చామే. కొత్త సీర తెచ్చాను" అంది.

అప్ప చీర మీద చెయ్యి వేసి గోడ వైపు తిరిగిపోయింది.

బావ బయట వరండాలోకి తీసుకెళ్ళి చెప్పాక తెలిసింది. ముందురోజు నుంచే నొప్పులు మొదలై, నెలలు నిండని మగపిల్లాడు పుట్టాడు. తల్లి ప్రాణానికి కూడా నమ్మకం లేదు, సీరియస్ అన్నాడట డాక్టరు. డాక్టరు చెప్పిన మాట డాక్టరు చెప్పినట్టే బావ టెలిగ్రాంలో రాయించాడు. పొద్దుటి బండికి మేం వస్తామని స్టేషనుకి కూడా వెళ్ళాడు. బిడ్డ మధ్యాహ్నం దాకా ఉన్నాడు. అమ్మమ్మ వస్తుందని చెప్పి అప్ప ఎవరినీ ముట్టనివ్వకుండా గుండెలకి కరుచుకుని ఉందట. మేం పార్వతీపురం దాటుతూండగా ఇక్కడ పాతిపెట్టేసి వచ్చారు. బావ మమ్మల్ని ఏమీ అనలేదు, "ఆ బండికి వొస్తారనుకున్నాను" అని ఒక్కసారి అని ఊరుకున్నాడు. మావయ్య ఆ వరండా స్తంభం పట్టుకుని అలాగే కిందికి జారిపోయాడు.

అప్ప బతికింది. మళ్ళీ బిడ్డలు పుట్టలేదు. ఆ చీర ఎందుకు కొన్నామో అప్ప చెవిన పడకూడదని అమ్మ, మావయ్య, నేను ఒకరితో ఒకరం అనుకోకుండానే ఒట్టు పెట్టుకున్నాం. మేం దాచిపెట్టిన కొద్దీ ఆ చీరే మా కళ్ళ ముందు తిరిగేది. ఎర్ర రవిక ఒకటి తనే కుట్టించుకుని, అప్ప పండగకీ పబ్బానికీ, నా పెళ్ళికీ, రామతీర్థం జాతరకీ అదే కట్టేది. బావ ఎన్ని చీరలు కొన్నా అదే. కట్టుకుని వచ్చి అమ్మ ఎదురుగా నిలబడేది. అమ్మ ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది, లేకపోతే వాకిట్లో ఆవుకి కుడితి పెట్టాలనేది. ఒకసారి నేను వెనకే వెళ్తే, పొయ్యి ఎదుట కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఆ చీరలో అప్పని శవంలా చూడకుండా ఉండడం తన వల్ల కావడం లేదంది. అమ్మ బతికినన్నాళ్ళూ ఆ చీరని తిన్నగా చూడలేదు. మావయ్య ముందు వెళ్ళిపోయాడు, తరవాత కొన్నేళ్ళకి అమ్మ.

పోయినేడాది విశాఖపట్నంలో అప్పని ఆసుపత్రిలో చేర్చారు. బావ తరఫున ఆయన తమ్ముడి కొడుకు ఫోనులో మెసేజి పెట్టాడు. పెద్దమ్మ సీరియస్, వెంటనే రండి. చదవగానే అప్ప పోయిందనే అనుకున్నాను, పాత అలవాటు ఎక్కడికి పోతుంది? అంతలో ఆ కుర్రాడే వీడియో కాల్ చేసి మంచం మీద అప్పని చూపించాడు. ఈ రోజుల్లో మాటకి అర్థం ఎంతో అంతే, పైన దయ లేదు, కింద మోసం లేదు. దొరికిన ఆటో ఎక్కి, ఆటో దిగి బస్సెక్కి, దాని మాట పడిపోకముందే చేరుకున్నాను.

నన్ను దగ్గరికి పిలిచి, పెట్టెలో పసుపు చీర ఉందనీ, తనకి అదే కప్పమనీ చెప్పింది. పాతబడి పోగులు లేచిపోయింది, దాన్నెందుకు అన్నాను. "అమ్మ దేనికి తెచ్చినాదో దానికే వాడండే" అంది. అప్పే నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పింది. "పురిటికి పిలవడానికి వొచ్చినోళ్ళు రవిక గుడ్డ నేకుండా సీర తెస్తారేటే? ఆ దినమే తెలిసిపోనాది."

మరి తెలిసీ దాన్ని ఇన్నేళ్ళూ ఎందుకు కట్టావప్పా అని అడిగాను.

"ఆ సీరలో నాను నడిసి తిరగడం అమ్మ కల్లారా సూడాలని కట్టాను. అమ్మ బయం తీరాలని. సూసినాది కదే?"

చూసిందనే చెప్పాను. తృప్తిగా చూసేదని, నువ్వు వెళ్ళాక నాతో చెప్పుకుని మురిసిపోయేదని కూడా చెప్పాను. అప్ప కళ్ళు మూసుకుని నా చెయ్యి నిమిరింది. మర్నాడు పోయింది.

పుట్టింటి వైపు ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే కనక, పుట్టింటి చీర తేవలసింది నేనే. ఆ చీర ఏనాడో వచ్చేసి ఉంది. అయినా బజారుకి వెళ్ళి ఎర్ర రవిక గుడ్డ ఒకటి ఇమ్మని అడిగాను. ఆ దుకాణంలో కుర్రాడు వింతగా చూసి, "ఇప్పుడు సీరలోనే రవిక వొచ్చేస్తాది మామ్మా, విడిగా ఎవులు కొంటన్నారు?" అన్నాడు. వాడి మాట నిజమే, రవిక గుడ్డ విడిగా కోసి ఇచ్చే రోజులూ పోయాయి, గంట కొట్టకుండా సైకిలు నడిపించుకుంటూ వచ్చే మనిషీ పోయాడు. మూడు దుకాణాలు తిరిగాక ఒక ముసలి వర్తకుడి దగ్గర దొరికింది. ఆయన కత్తెర పెడుతూంటే, ఈసారి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు.