ముంతెడు గంజి

చాలా ఏళ్ల కిందట, నరసాపురం వెళ్లే కాలువ పడవ లాకుల దగ్గర ఆగింది. గట్టున నేను అన్నం వండుకుని గంజి కాలువలోకి వార్చబోతుంటే, పడవలో కూతురితో నా పక్కన కూర్చున్న నేతగాడు ముంత పట్టుకొచ్చాడు.

"పారబొయ్యకండి బాబూ, ఇందులో వంచండి."

"నూలుకి పెట్టడానికా?" అన్నాను.

"నూలెక్కడిదండీ? దొరల సీమ నుంచి మిల్లుగుడ్డలొచ్చాక మా పేటలో మగ్గాలే ఆడట్లేదు. పిల్లకండి."

అయినా అతని చెయ్యి ఊరుకోలేదు. కాస్త చల్లారాక గంజిలో వేళ్లు ముంచి, చిక్కదనం చూస్తూ బొటనవేలితో రాశాడు.

"పడుగుకి పెడితే పోగు తెగేది కాదండి," అని నవ్వి, ముంత కూతురి నోటికి అందించాడు.

నా భుజం మీదున్నది మిల్లు కండువా. మెల్లగా తీసి సంచిలో అడుగున పెట్టేశాను. నరసాపురం దాకా ఎండలో వట్టి తలతోనే కూర్చున్నాను.