సగం ఖాళీ జంపఖానా

నల్లా దగ్గర నేనన్న ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. బిందె నిండేలోపు అయిపోయింది. దొంగతనం చేసి ఉంటే ఏ పోలీసో నిలదీసేవాడు, నేనూ ఏదో ఒకటి చెప్పి తేలికపడేదాన్ని. దీని గురించి నన్నెవరూ నిలదీయలేదు. ఎవరికీ అనుమానం కూడా రాలేదు. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరుతో మీకు పనిలేదు. తీర్పు చెప్పమని అడగడం లేదు, వినండి చాలు.

మాది ముంబయిలో కామాఠీపురా. ఈ ముక్క పైకి అనడానికే మావాళ్లు సగం జీవితం భయపడతారు. మా ముత్తాతలు పాలమూరు నుంచి గోడలు కట్టే పనికి వచ్చి ఒక్కో గదికి ఒక్కో కుటుంబం చొప్పున ఉండే ఈ చాళ్లలో స్థిరపడ్డారు. పక్క గల్లీల్లో నడిచే వ్యాపారం వల్ల ఊరంతా మా పేటను ఒకే కంటితో చూసింది. అందుకని ఎవరడిగినా నాగ్‌పాడా అంటాం, ముంబయి సెంట్రల్ అంటాం. పెళ్లిపత్రికల్లోనూ అంతే. నేను బాల్వాడీలో పంతులమ్మను. పిల్లలు నా దగ్గరికి అక్షరాలకు వచ్చేసరికే ఇంట్లో ఈ అబద్ధం నేర్చుకుని ఉంటారు. నా కూతురికి నేనే నేర్పాను.

బాలమణి మాత్రం బస్సులో కూడా గట్టిగా కామాఠీపురా అనేది. మా చాల్‌లోనే కింది ఖోలీలో, ఒంటిగదిలో, మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది, చీరలకు ఫాల్ వేసేది. చాల్ ఆడవాళ్లవీ, గల్లీల్లో ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లవీ ఆ ఒక్క మిషన్ మీదే కుట్టేది. చెప్పిన రోజుకు ఇచ్చిన పాపాన పోలేదు. అయినా ఎవరూ కోప్పడేవాళ్లు కాదు. అక్కడే చేరి నవ్వుకుంటూ కూర్చునేవాళ్లు. నన్ను మరాఠీ అలవాటు కొద్దీ ‘బాయి’, అంటే పంతులమ్మ, అనేవాళ్లు, ఆమెను ‘అక్క’ అనేవాళ్లు. బాయి వస్తే మాటలు ఆపి లేచి నిలబడతారు. అక్క వస్తే జరిగి చోటిస్తారు. నాకు ఆ చోటు కావాలనిపించేది.

ఆమే నేనూ కలిసి ఒక చిన్న సంఘం నడిపేవాళ్లం. ఓటరు జాబితాలో పేరు లేనివాళ్ల పేర్లు ఎక్కించడం, రేషన్ కార్డు లేనివాళ్ల వెంట ఆఫీసులకు తిరగడం మా పని. గల్లీ ఆడవాళ్లలో చాలామందికి ఫలానా చోట ఉంటున్నామని చూపించుకునే కాగితమే లేదు. పాలమూరు నుంచి కొత్తగా కూలికి వచ్చినవాళ్లకూ అదే అవస్థ. మాలాంటి చిన్న సంఘాలకు కొద్దిపాటి సాయం ఇచ్చే సంస్థ ఒకటుందని విని అర్జీ పెట్టాం. అది వస్తే ఒక గది అద్దెకు తీసుకోవచ్చు. పగలు గల్లీ పిల్లలు అక్కడ ఉంటారు, కార్డుల కోసం వచ్చినవాళ్లు గుమ్మాల బయట నిలబడకుండా కూర్చుంటారు. ఆ గల్లీల్లోనే ముసలిదైపోయిన రాజమ్మ అని ఒకామె ఉండేది. చచ్చేలోపు ఒక్కసారన్నా ఓటెయ్యాలని ఆమె కోరిక. ఆ గది కోసం అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది ఆమే.

అర్జీ రాసింది నేను. సాయంత్రాలన్నీ కూర్చుని హిందీలో రాశాను. బ్యాంకు చుట్టూ తిరిగిందీ నేనే. సంస్థ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది, నా ఫోన్‌కే. నమస్తే అన్నానో లేదో, బాలమణి తాయీకి ఒకసారి ఇస్తారా అంది. తాయీ అంటే మరాఠీలో అక్క. మెట్లు దిగివెళ్లి ఇచ్చాను. బాలమణి కాలితో మిషన్ తొక్కుతూనే మాట్లాడింది, తను నవ్వింది, అవతలావిడనూ నవ్వించింది. నా ఫోన్ ఎప్పుడిస్తుందా అని నేను పక్కన నిలబడ్డాను.

ఇంకొకటి కూడా ఉంది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. నా కూతురు, నేను తెలుగులో ఏమడిగినా మరాఠీలోనే జవాబిచ్చేది. బతిమాలాను, తిట్టాను, వినలేదు. ఒకరోజు మెట్లు దిగుతుంటే దాని గొంతు వినిపించింది. బాలమణి పక్కన కూర్చుని గలగలా తెలుగు మాట్లాడుతోంది, పాలమూరు యాసతో సహా. నేను మెట్ల మీదే ఆగిపోయాను. కడుపుమంట అంటారే, అది ఉత్తమాట అనుకునేదాన్ని. నిజంగానే మండుతుంది.

సాయం ఇచ్చే ముందు మా మీటింగు ఒకటి చూస్తామన్నారు సంస్థవాళ్లు. చాల్ ఆడవాళ్లూ గల్లీ ఆడవాళ్లూ ఒకచోట కూర్చుని, గదిని ఏయే పనులకు వాడాలో చేతులెత్తి తేల్చుకోవాలి. ఎవరిదైనా ఒకే ఓటు. వినడానికి తేలికే. కానీ గల్లీ మనిషి ఎదురైతే కొంగు దగ్గరికి లాక్కుని నడిచే చాల్ మాది. బాలమణి ఖోలీ ఖోలీకి తిరిగింది. వేళాకోళమాడింది, అలిగింది, వాళ్ల వంటింట్లో దూరి రొట్టెలు తిన్నది. చివరికి అందరినీ ఒప్పించింది. మా చాల్‌లో శాంతవ్వ లాంటి మొండిఘటం కూడా వస్తానంది. ఆ సంగతి మా అత్తే ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పింది. నేనిన్నేళ్లు చేసిన చాకిరీకి ఆమె నోట ఒక్క మెచ్చుకోలు రాలేదు. నాకు అన్నం సయించలేదు.

మీటింగు ఆదివారం మధ్యాహ్నం. ఆ పొద్దున నల్లా దగ్గర నా ముందు శాంతవ్వ ఉంది. ఆమె కూతురికి అప్పుడే ఏదో మాల్‌లో ఉద్యోగం దొరికింది. ఉండేది ముంబయి సెంట్రల్‌లో అని అక్కడ చెప్పుకుంది. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను. “ఫోటోలు తీస్తరంట శాంతవ్వా. కింద కామాఠీపురా అని రాసి ఫోన్లల్ల పెడ్తరంట. నీ బిడ్డ కొలువుకాడ ఎవలన్న చూస్తే ఎట్ల?”

అది పచ్చి అబద్ధం. అడగకుండా ఒక్క ఫోటో కూడా తీసేది లేదని సంస్థ ఆవిడ నాతోనే చెప్పింది. శాంతవ్వ సగం నిండిన బిందెనే ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆమె నోట ఆ మాట చాల్ అంతా పాకింది, ఇక నేను ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ పూట నాకు ఎలా ఉందో దాచను. హాయిగా ఉంది. బట్టలు ఆరేస్తూ కూనిరాగం కూడా తీశాను.

ఏం కావాలనుకున్నాను? ఇన్నాళ్లూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఒకరిద్దరు మానేస్తారు, బాలమణి మొహం కాస్త చిన్నబోతుంది, అప్పుడు నేను కల్పించుకుని నాలుగు మంచి మాటలు చెప్పి పరువు నిలబెడతాను, సంస్థ ఆవిడ అప్పుడైనా నా వైపు తిరుగుతుంది, ఇంతే అనుకున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజమేనా? గది వచ్చాక అది ‘అక్క గది’ అవుతుందని, దాని కంటే అసలు రాకపోవడమే నయమని లోపలెక్కడో అనుకోలేదా? అనుకున్నాను.

మధ్యాహ్నం బాల్వాడీలో పెద్ద జంపఖానా పరిచాం. గల్లీ ఆడవాళ్లు ముందే వచ్చారు. తలంటుకుని, పూలు పెట్టుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. అవతలివాళ్లకు చోటు ఉండాలని ఒక పక్కకు ఒదిగి కూర్చున్నారు. చాల్ నుంచి ఒక్కరు కూడా రాలేదు. మా అత్త కూడా రాలేదు. బాలమణి రెండుసార్లు వెళ్లి పిలిచింది, తలుపులు తీయలేదు. సంస్థ ఆవిడ టీ తాగింది, గడియారం చూసుకుంది, మిగతావాళ్లేరని మెల్లగా అడిగింది. ఎప్పుడూ మాటకు తడుముకోని బాలమణి నేల చూపులు చూసింది. నేను కల్పించుకోలేదు. నాలుగు మంచి మాటలు చెప్పలేదు. రాజమ్మ జంపఖానాలో ఖాళీగా ఉన్న సగాన్ని చాలాసేపు చూసి, మోకాళ్ల మీద చేతులు ఆన్చుకుని లేచింది. ఆమె వెనకే అందరూ లేచారు. ఈసారికి ఇవ్వలేమని సంస్థ ఆవిడ మర్యాదగానే చెప్పి వెళ్లింది.

అందరూ పోయాక జంపఖానాను చెరో వైపు పట్టుకుని మడిచాం. అప్పుడంది బాలమణి.

“నువ్వొక్కదానివన్న వచ్చినవ్ బాయీ.”

నేను జంపఖానా అంచులు సరిచేశాను.

“పొద్దుగాల దాకా వస్తమన్నోళ్లే గద. నడుమ ఏమైందో. ఎవలన్న ఏమన్న అన్నరా? నీకేమన్న ఎరుకనా?”

“నాకేం తెల్వదు.”

“నాదే తప్పు. జల్దీ చేసిన. ఆళ్ల మనసుల ఏమున్నదో అడగనే లేదు. రాజమ్మకు ఏం మొహం వెట్టుకొని జవాబియ్యాలె చెప్పు?”

ఆ క్షణంలో చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ ఆమె ఏడుస్తోంది. ఆమె ఏడవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. జాలేసింది. జాలితోపాటు, ఛీ, ఎలా చెప్పను, కాస్త చల్లగా కూడా అనిపించింది. ఆమె కూడా ఓడిపోతుందన్నమాట అనుకున్నాను.

ఆ తర్వాత గల్లీ ఆడవాళ్లు తమను పిలిచి అవమానించిందని బాలమణికి జాకెట్లు ఇవ్వడం మానేశారు. చాల్ ఆడవాళ్లు మొహం చెల్లక ఆమె ఖోలీ వైపే పోలేదు. కొన్నాళ్లకు మిషన్ ఆటోలో వేసుకుని ధారావిలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. సంఘం నా ఒక్కదాని చేతికి వచ్చింది. ఎవరూ రాక అదే ఆగిపోయింది. రాజమ్మ ఓటు వెయ్యకుండానే పోయింది. ఆ సంగతి నాకు బాల్వాడీలో ఒక పిల్లాడి తల్లి మాటల మధ్య చెప్పింది. నేను సరే అని పాఠం చెప్పుకున్నాను.

మొన్నీమధ్య బాలమణి ఫోన్ చేసింది. ధారావిలో ఆడవాళ్లను కూడగట్టిందట. ఏదో చిన్న సాయం దొరికి గది తీసుకున్నారట, ప్రారంభానికి నేను రావాలట. ఆ మాట వినగానే ముందు వచ్చింది సంతోషం కాదు, సిగ్గు కూడా కాదు. మళ్లీ అన్నీ దీనికేనా దక్కేది అనిపించింది. ఇంత జరిగాక కూడా.

వెళ్లాను. ఎందుకెళ్లానో తెలియదు. చెప్పేద్దామని అనుకున్నానేమో. గది నిండా ఆడవాళ్లు కిక్కిరిసి కూర్చున్నారు. ఎవరు ఏ గల్లీవాళ్లో తెలియడం లేదు. బాలమణి నన్ను చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్లి, మా చాల్ మొత్తంలో నా పక్కన నిలబడింది ఈమె ఒక్కతే అని చెప్పింది. భుజాల మీద శాలువా కప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టాను. శాలువా సర్దుకున్నాను కూడా. ఇంటికొచ్చే బస్సులో ఆ గదిని తలుచుకుని ఏడ్చాను. అందులో పశ్చాత్తాపం ఎంతో, కుళ్లు ఎంతో నేను విడదీయలేను.

బాలమణికి చెప్పగలనా? చెబితే ఆమె క్షమిస్తుంది. నాకు భయమంతా అదే. ఆ విషయంలో కూడా ఆమే పెద్దదైపోతుంది, నేను మళ్లీ మెట్ల మీద నిలబడిపోతాను. చూశారా, ఒప్పుకుంటూ కూడా ఏం ఆలోచిస్తున్నానో. నా బుద్ధి మారలేదు. మారిందని మీకు చెప్పి మెప్పు పొందను.

చాల్ ఆడవాళ్లు ఆ రోజు రాకపోవడానికి కారణం నేను. వాళ్ల భయం నాకు తెలుసు కాబట్టి, ఆ భయం నాకూ ఉంది కాబట్టి, ఎక్కడ పుల్ల పెడితే అంటుకుంటుందో చూసి మరీ పెట్టాను. ఇన్నేళ్లలో ఈ ముక్కను నాలో నేను కూడా ఇలా చివరిదాకా అనుకోలేదు. ఇప్పుడు రాశాను. మీరు చదివారు. కనీసం ఒక్కరి ముందైనా ఆ శాలువా తీసి పక్కన పెట్టినట్టుంది.