నన్ను నాలుగు రోజులు ఎండబోసిన రక్తపరీక్ష

నడుము నొప్పికి మందు రాయమని వెళితే కరీంనగర్ డాక్టరు నా ఒంట్లోంచి ఒక పిల్లకాలువకు సరిపడా రక్తం తీయించాడు. రెండు రోజులకు తొమ్మిది పేజీల రిపోర్టు వచ్చింది. నా పెళ్లి పత్రికకు కూడా అంత మంచి కాగితం వాడలేదు. ఆరో పేజీలో ఒక బొమ్మ ఉంది. రక్తంలోని ప్రొటీన్లను విడదీసి గీస్తే ఎవరికైనా ఒక కొండ, దాని పక్కన నాలుగు గుట్టలు వస్తాయట. నాకు చివరి గుట్ట మీద ఒక సన్నటి మొన అదనంగా మొలిచింది. కింద ‘ఎం బ్యాండ్ ఉంది’ అని రాశారు.

“ఎముకల మజ్జలో కొన్ని కణాలు అక్కర లేని ప్రొటీన్ చేస్తున్నయి,” అన్నాడు డాక్టరు. “ఉత్తగనే ఉండొచ్చు. క్యాన్సర్ కూడా కావొచ్చు. ఇంకో ల్యాబుల మళ్ల చేయిద్దాం.”

జమ్మికుంటలో బస్సు దిగి ఇంట్లో చెప్పాను. మా ఆవిడ కడిగిన బియ్యాన్నే నాలుగుసార్లు కడిగింది. యాభై ఏళ్లుగా పత్తి పండించి మార్కెట్ యార్డులో అమ్ముతున్న మా బాపు మాత్రం నవ్వాడు.

“ఒక్క మిషన్ మాట వట్టుకొని ఏడుస్తార్రా? పొద్దుగాల యార్డుల పత్తికి తేమ మిషన్ పెడితే పన్నెండు శాతం అంటది. జర ఎండకు వోసి మళ్ల పెడితే ఎనిమిది అంటది. పత్తి గదే, మిషన్ గదే. నడువు డాబా మీదికి.”

నేను డిగ్రీ చదివాను. అదీ సైన్సు. అయినా పత్తి ఆరబోసే పరదా మీద, పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా, నాలుగు రోజులు పడుకున్నాను. ఊరికే కూర్చుంటే ‘కావొచ్చు’ అన్న మాట వచ్చి పక్కన కూర్చునేది. పరదా మీద ఉంటే కనీసం వైద్యం జరుగుతున్నట్టుండేది. బాపు గంటకోసారి వచ్చి “ఇగ బోర్ల పండు” అని నన్ను తిరగేసేవాడు.

పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న ముసలమ్మ అడిగింది: “ఏం పెద్దయ్యా, కొడుకును యార్డుకు తీస్కపోతవా ఏంది?”

“తేమ దిగనియ్యి, చూద్దాం,” అన్నాడు బాపు.

ఐదో రోజు రెండో ల్యాబులో రక్తమిచ్చాను. ‘ఎం బ్యాండ్ లేదు’ అని వచ్చింది. బాపు ఆ కాగితం పట్టుకెళ్లి హోటల్లో అందరికీ చూపించి వచ్చాడు. పొద్దుగూకేలోగా మోకాళ్ల నొప్పులవాళ్లు ఇద్దరు మా డాబా ఖాళీగా ఉందా అని కబురు పంపారు.

మా ఆవిడ మాత్రం రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టింది. “ఒకటి ఉన్నదంటది, ఒకటి లేదంటది. మంచిగ చెప్పినదాన్నే నమ్ముకొని కూసుంటమా?”

ముగ్గురం కరీంనగర్ వెళ్లాం. డాక్టరు రెండు బొమ్మలూ కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. “మొన చాలా చిన్నది. ఒకరి కంటికి ఆనింది, ఒకరి కంటికి ఆనలే. ఎవరూ అబద్ధం చెప్తలేరు. గా ప్రొటీన్ ఉన్నదా, ఉంటే ఏ రకమో పట్టిచ్చే పరీక్ష వేరే ఉన్నది.”

“ఎండకు పెడితే పోయింది సారూ,” అన్నాడు బాపు.

“దేన్ని?”

“వీన్నే.”

డాక్టరు తోలు ఊడుతున్న నా ముక్కును కాసేపు చూశాడు. తర్వాత ఆ పెద్ద పరీక్ష, ఇంకో రక్తపరీక్ష, ఎముకల స్కానింగ్ రాసి, అన్నిటికంటే కింద ముక్కుకు ఒక ఆయింట్‌మెంట్ రాశాడు.

పదకొండు రోజుల తర్వాత తేలింది. మొన ఉంది. చిన్నదే. ఎముకలు, కిడ్నీలు బాగున్నాయి. నడుము నొప్పి నా స్కూటరు పుణ్యమట.

“ఇది క్యాన్సర్ కాదు,” అన్నాడు డాక్టరు. “చానామందికి జన్మంత గిట్లనే ఉంటది. కొందరికి ముదురుతది. ఆరు నెలలకోసారి రక్తం చూస్తుండాలె.”

“ఉన్నట్టా సార్, లేనట్టా?” అంది మా ఆవిడ.

“ఉన్నదమ్మా. ఉండి ఏం చేస్తలేదు.”

ఆమె నా వైపు తిరిగింది. ఉండి ఏమీ చేయని వాటితో వేగడంలో ఆమెకు ఇరవై రెండేళ్ల అనుభవం.

బాపు వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు. బయట మెట్ల మీద నిలబడి వేళ్ల కణుపుల మీద నెలలు లెక్కపెట్టాడు. ఆయనకు ఎనభై దగ్గర పడింది. కొత్త కళ్లద్దాలకు వారం ఆగమన్నా “బతికుంటే చూద్దాం” అని లేచి వచ్చే మనిషి.

“మళ్ల పరీక్ష జ్యేష్ఠంల వస్తది. ఇత్తునాలు ఏసే యాళ్ల,” అన్నాడు.

“నేను ఒక్కన్నే పోయొస్త తియ్యి బాపు.”

“ఇత్తునాలు రెండు రోజులు ఎనుకైతయి, ఏమైతది? నేనొస్త.”