పొగ పటేలు ఇస్త్రీ చేసిన డప్పు

శంషాబాద్‌లో విమానాలు కొత్తగా దిగుతున్న ఆ రోజుల్లో, రన్‌వే దారిలో ఉన్న మా ఊళ్లో ఏ మాటా ఒక్క ఊపిరిలో పూర్తయ్యేది కాదు. "కూరల ఉప్పు..." అని అమ్మ మొదలుపెట్టేది. నెత్తి మీదుగా విమానం పోయేది. దాని రొద తగ్గేదాకా అందరం ముద్దలు చేతిలో పట్టుకుని ఆగేవాళ్లం. ఆ తర్వాత "...ఎక్కువైందా?" అని వినిపించేది. (ఇప్పటికీ మా ఇంటివాళ్లం వేరే ఊళ్లో ఉన్నా సరే, మాట మధ్యలో ఆగి పైకి చూస్తాం. కొత్తగా వచ్చిన కోడళ్లు మొదట జంకారు, తర్వాత వాళ్లకూ అంటుకుంది.) సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు పంచాయతీ ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. జేబులో పెన్ను, మెడలో కార్డు. ఇరవై ఏళ్లు దాటిన కుర్రాడికి లోకంలో ఇంకేం కావాలి చెప్పండి!

నేను చేరిన కొద్దిరోజులకే పంచాయతీ ఒక తీర్మానం చేసింది. ఇళ్ల ముందు చెత్త పోగేసి తగలబెడితే పొగంతా విమానాలు దిగే వైపు పోతోంది కాబట్టి ఇకమీదట చెత్త కాల్చొద్దని, ఎండుకొమ్మలో పాత కప్పుగడ్డో కాల్చక తప్పకపోతే ఒకరోజు ముందు పంచాయతీలో చెప్పి చిట్టీ తీసుకోవాలని, మంట పక్కన రెండు బిందెల నీళ్లు పెట్టుకోవాలని. ఉన్నది అంతే. దాన్ని గోడల మీద రాయించే పని నాకు అప్పగించారు. ఇంకొకరితో రాయించడం ఎందుకు, నా దస్తూరి ముత్యాల కోవ అని బళ్లోనే పేరుంది కదా అని నేనే కుంచె పట్టాను. ఊళ్లోకి వచ్చేవాళ్లకు ముందు కనబడే పెద్దగోడ మా ఇంటిదే, కాబట్టి దాంతోనే మొదలుపెట్టాను. అంతా రాశాక కింద మూరెడు జాగా మిగిలిపోయింది. బోసిగా ఉంటే బాగుండదని, "ఎంత చిన్న మంటైనా సరే!" అని నా సొంత కవిత్వం ఒక ముక్క చేర్చాను. ఆశ్చర్యార్థకం కూడా పెట్టాను.

ఇక చూడాలి నా ప్రతాపం! వాకిట్లో మక్క కంకులు కాలుస్తున్న పెద్దమ్మ ముందు నిలబడి చిట్టీ ఏదని అడిగాను. ఆమె ఒక కంకి నా చేతిలో పెట్టి "గిదే చిట్టీ, తిని పో" అంది. కొట్టంలో బర్రెకు వేపాకు పొగ వేస్తున్న చిన్నాయనను పట్టుకుని, ఒకరోజు ముందు ఎందుకు చెప్పలేదని గద్దించాను. "దోమలు నాకు ముందుగాల జెప్పి వస్తున్నయారా?" అన్నాడాయన. మా మేనమామ అయితే ఒకనాడు వాకిట్లో మంచం వేసుకుని, అటొక బిందె ఇటొక బిందె నీళ్లు పెట్టుకుని, నన్ను కేకేసి పిలిపించాడు. "అల్లుడా, బీడీ ముట్టించుకోవాలె. జర చిట్టీ రాయి." ఆ దెబ్బతో ఊరంతా నాకు పొగ పటేలు అని పేరు పెట్టేసింది. పైకి మూతి ముడుచుకున్నాను గానీ, పటేలు అన్నారు కదా అని లోలోపల కాస్త సంతోషంగానే ఉండేది.

శ్రావణంలో మా అన్న పెళ్లి కుదిరింది. మా వైపు పెళ్లికి ముందురోజు ఐరేని కుండలు తెస్తారు. ఇంటి ఆడవాళ్లంతా కుమ్మరింటికి పోయి, రంగులు పూసిన కుండలకు పూజ చేసి, నెత్తిన పెట్టుకుని డప్పుల మధ్య ఇంటికి వస్తారు. ఆ కుండలు రాందే పెళ్లి పని ముందుకు సాగదు. మా నాయనమ్మకు ఆ ముచ్చట ప్రాణం. పొద్దుటి నుంచే పట్టుచీర కట్టుకుని, అరుగు మీద కూర్చుని, వర్జ్యం వచ్చేలోగా పోయి రావాలని అందరినీ తొందరపెడుతోంది. అంతలో వాన దంచి కొట్టి వెలిసింది. డప్పుల కాకా తన జట్టుతో వచ్చి, డప్పు మీద చేత్తో ఒకటి తట్టి మొహం చిట్లించాడు. తోలు చెమ్మగిల్లి మెత్తబడింది. తడి గోనెసంచి మీద కొట్టినట్టు దబ్ మంటోంది. మామూలుగా అయితే గుప్పెడు వరిగడ్డి ముట్టించి, ఆ సెగకు కాచుకుంటే తోలు బిగుసుకుని కణకణ మోగుతుంది. చిటికెలో పని. కాకా గడ్డి తెచ్చి వాకిట్లో వేశాడు, అగ్గిపెట్టె తీశాడు, గోడ వైపు చూశాడు, అగ్గిపెట్టె మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"పటేలా, చిట్టీ లేదు గదా" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ.

వాకిలంతా గొల్లుమంది. నేనూ నవ్వేసి కానివ్వమందును, కానీ వచ్చిన చుట్టాల మధ్య కుర్చీలో సర్పంచ్ అక్క కూర్చుని చాయ్ తాగుతోంది. నా కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నది వచ్చేవారం ఆమె నోట్లోంచి రావాల్సిన మాట. "అక్కా, మరి..." అని నసిగాను. "నన్నేం అడుగుతవ్ తమ్ముడూ? గోడ మీద రాసింది నువ్వు" అని ఆమె మళ్లీ సాసర్‌లోకి చాయ్ వంచుకుంది.

సరే, బుర్ర ఉన్నవాడు దారి వెతుకుతాడు. వంటింట్లో మంట ఆరుబయటి మంట కాదు కదా అని డప్పు పట్టుకుని లోపలికి పోయి గ్యాస్ పొయ్యి మీద పెట్టాను. పులిహోర తాలింపు పక్కన తోలు వాసన లేచేసరికి అమ్మ గరిటె పట్టుకుని నన్ను వీధిదాకా తరిమింది. అక్కడ, సందు మొదట్లో, ఇస్త్రీ అక్క బొగ్గుల పెట్టె కనబడింది. ఆ పెట్టెకు మూత ఉంది. మూత ఉన్నదాన్ని బహిరంగ మంట అనలేం! (చట్టం ఎంత చదివితే ఇంత తెలివి వస్తుందో మీరే చెప్పండి.) డప్పును బల్ల మీద పెట్టి, చేతికందిన బట్ట దాని మీద పరిచి, మా చుట్టాలందరి సమక్షంలో డప్పుకు ఇస్త్రీ చేశాను. ఆ బట్ట పెళ్లికొడుకు కొత్త కండువా అని మా అన్న అరుపును బట్టి తెలిసింది. కాకా డప్పు తీసుకుని తట్టాడు. ఒక పక్క డిం అంది, ఇంకో పక్క దబ్ అంది. "అల్లుడా, మడత గూడ పెట్టి ఇయ్యి" అన్నాడు మామ.

ఇక లాభం లేదని నాయనమ్మ అరుగు దిగింది. "పాండ్రి, వర్జ్యం రావట్టె. డప్పు లేకుంటే లేకపాయె" అని చేతికర్ర తీసుకుని ఒక్కతే గేటు దాకా నడిచి, నా ముందు ఆగింది. "ఈ ఇంట్ల ఏ పెండ్లికీ కుండలు మూగగ రాలేదు బిడ్డా. ఇగ రేపు నన్ను గూడ..."

విమానం వచ్చింది. పాడు విమానం, ఆ రోజు ఎంత నింపాదిగా పోయిందో! వాకిలి నిండా జనం తలలెత్తి నిలబడ్డారు. నాయనమ్మ మాత్రం పైకి చూడలేదు, నన్నే చూస్తోంది. మిగతా మాట ఏమిటో నాకు అప్పటికే తెలిసిపోయింది. రొద తగ్గింది.

"...గిట్లనే మూగగ కాటికి సాగదోలుతవారా?"

ఎవరూ నవ్వలేదు. నాకు ఉద్యోగమూ గుర్తు రాలేదు, కార్డూ గుర్తు రాలేదు. పెళ్లికని ఇంటికి వేయగా మిగిలిన సున్నం బకెట్ మూలన ఉంది. కుంచె ముంచి, "ఎంత చిన్న మంటైనా సరే!" మీద అడ్డంగా, నిలువుగా, ఆశ్చర్యార్థకంతో సహా పూసేశాను. రెండు బిందెల నీళ్లు తెచ్చి గడ్డి పక్కన పెట్టాను. కాకా జేబులోంచి నేనే అగ్గిపెట్టె తీసి ముట్టించాను. గడ్డి భగ్గుమంది, డప్పులు దాని చుట్టూ తిరిగాయి, మొదటి దెబ్బ పడగానే నాయనమ్మ చేతికర్ర పక్కన పడేసి, పట్టుచీర కొంగు నడుముకు చుట్టి రెండడుగులు వేసింది.

సర్పంచ్ అక్క కప్పు కింద పెట్టి నా దగ్గరికొచ్చింది. "మన తీర్మానం చెత్త గురించే తమ్ముడూ. ఆ ఆఖరి ముక్క అండ్ల లేనే లేదు. రాసినోడే తుడుస్తడా లేదా అని చూస్తున్న. వచ్చే వారం నీ పేరు పెడత గని, ఇగ గోడ మీద జాగా మిగిలితే పువ్వు గియ్యి. మాట రాయకు."

రెండేళ్ల తర్వాత నాయనమ్మ పోయింది. అదే వాకిట్లో, అదే గోడ ముందు, డప్పులు కాచడానికి గడ్డి నేనే ముట్టించాను. పక్కన రెండు బిందెల నీళ్లు పెట్టాను, రూలు రూలే. అప్పటికి వానలకు సున్నం కొట్టుకుపోయి, "ఎంత చిన్న" దాకా మళ్లీ బయటపడింది. మామ కళ్లు తుడుచుకుంటూ నా భుజం మీద చెయ్యేసి, "పటేలా, చిట్టీ ఉన్నదా?" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను. పాడె లేచిన కాసేపటికి నెత్తి మీదుగా విమానం వచ్చింది. అలవాటు కొద్దీ అందరం ఆగి పైకి చూశాం. డప్పులు మాత్రం ఆగలేదు.