కొత్త కోటు మీద నాలుగు చుక్కలు

చదువు, ఉద్యోగం, పరువు, ఈ మూడూ కట్టగట్టుకుని ఒకే సాయంత్రం గంగలో కలవబోవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, దగ్గరుండి తోశాను. నా పిహెచ్‌డి పట్టా మీద సిరా తడి ఇంకా ఆరకముందే జరిగిన సంగతి ఇది.

అప్పుడు నేను రాయచూరులో పురుగుల మీద పరిశోధన ముగించిన కుర్ర డాక్టరును. వరిలో కాండం తొలిచే పురుగు ఉంటుంది. దాని ఆడ రెక్కలపురుగు ఒక వాసన వదిలి మగవాటిని పిలుస్తుంది. ఆ వాసనను ల్యాబులో తయారుచేసి, చిన్న రబ్బరు బిరడాలో ఇంకించి, బుట్టలో వేలాడదీస్తే మగపురుగులు మోసపోయి వచ్చి అందులో చిక్కుకుంటాయి. జత లేక ఆడవి గుడ్లు పెట్టవు, చేను బతుకుతుంది. వీటిని లింగాకర్షక బుట్టలు అంటారు. ఆ మాట మా అమ్మ ముందు పలకలేక "బుట్టల మీద రీసెర్చి" అనేవాణ్ణి. పాపం ఆవిడ, కొడుకు బుట్టలు అల్లడంలో డాక్టరేటు చేస్తున్నాడని చుట్టాలందరికీ చెప్పుకుంది.

మా గైడు శాంతమ్మ మేడం. ఏళ్ల తరబడి పేపర్లు రాసి రాసి ఒకరోజు ఆవిడకు విసుగొచ్చింది. "పేపర్లల్ల పురుగు సస్తున్నది గానీ చేన్ల సస్తలేదు నర్సింగ్" అన్నారు. అని ఊరుకోలేదు. చిక్కసూగూరు దగ్గరున్న ఒక చిన్న కంపెనీకీ మా యూనివర్సిటీకీ ఒప్పందం కుదిర్చారు. వాసన యూనివర్సిటీది, బుట్టలు కంపెనీవి, మధ్యలో అటూ ఇటూ తిరిగేవాణ్ణి నేను. మస్కి వైపు కాలువ కింద కోస్తా రైతులు స్థిరపడిన ఒక క్యాంపులో బుట్టలు కట్టి చూపించాలి. వాళ్లు మెచ్చితే కంపెనీ తయారీ మొదలుపెడుతుంది, నాకు పక్కా ఉద్యోగం. మెచ్చకపోతే ఒప్పందం చెల్లు. నా ఫెలోషిప్ అప్పటికే చెల్లిపోయింది.

కంపెనీ మనిషి అంటే కోటు వేసుకోవాలని నాకెవరు చెప్పారో అడగకండి. నీలిరంగు కోటు ఒకటి కుట్టించాను. రాయచూరు ఎండలో కోటు తొడుక్కున్నవాడికీ ఇడ్లీపాత్రలో ఇడ్లీకీ తేడా లేదు. అయినా బొత్తాములన్నీ పెట్టుకుని ఆ ఉదయం ల్యాబుకు వెళ్లాను.

మేడం నన్ను ఎగాదిగా చూశారు. "గీ ఎండల గీ కోటేంది? ముందుగాల ఏప్రాన్ ఏసుకో."

"కంపెనీ మేనేజర్ వస్తున్నడు మేడం. ఏప్రాన్ల జూస్తే స్టూడెంట్ అనుకుంటడు."

"చేతులకు గ్లౌజులన్న ఏసుకో మరి" అని ఆవిడ క్లాసుకు వెళ్లిపోయారు.

చేతులకు వేసుకున్నాను. కోటుకు గ్లౌజులు ఎక్కడ దొరుకుతాయి? చివరి బిరడాకు ఆ వాసన మందు పట్టిస్తుండగా గుమ్మంలోంచి పిలుపు వినిపించింది.

"సలాం డాక్టర్ సాబ్!"

కంపెనీ మేనేజర్ ఖాదర్ సాబ్. పుట్టి బుద్ధెరిగాక నన్ను డాక్టర్ సాబ్ అన్న మొదటి మనిషి ఆయనే. ఆ సంబరంలో నేనూ చెయ్యెత్తి ఘనంగా సలాం కొట్టాను. ఆ చేతిలోనే మందు సీసా ఉంది. కోటు చేతి మీద నాలుగు చుక్కలు పడ్డాయి. మరక లేదు. మనుషుల ముక్కుకు అందే వాసన కాదు గనక వాసనా లేదు. రుమాలుతో తుడుచుకుని, సంగతి అక్కడితో మరిచిపోయి జీపెక్కాను.

క్యాంపుకు వెళ్లి చేలో బుట్టలు కట్టేసరికి పొద్దు వాలింది. గట్టు పక్కన షామియానా, కుర్చీలు, ఒక బల్బు, ఒక మైకు. ముందు వరసలో సత్యవతి గారు కూర్చున్నారు. ఆవిడ పొలమే అది. క్యాంపులో ఆవిడ ఊ అంటే అందరూ ఊ అన్నట్టే. పోయిన పంటలో ఈ పురుగు వల్లే గింజలేని తెల్లకంకులు పడి బాగా దెబ్బతిని ఉన్నారు. మాటలు నమ్మే స్థితిలో లేరు.

"రైతు సోదరులారా, కంటికి కనిపించని ఒక వాసన..." అని మొదలుపెట్టాను. కాలరు మీద ఒక రెక్కలపురుగు వాలింది. దులిపేశాను. రెండు వచ్చాయి. "వాసన అనేది..." అని నోరు తెరిస్తే ఒకటి లోపలికే వచ్చి చూసింది.

"డాక్టరు గారూ, మీ భుజం మీద ఏవో వాలాయండీ" అన్నాడు ఒక రైతు.

"వాటి సంగతి వదిలేయండి. బుట్టల్లో ఎన్ని పడ్డాయో చూసి రండి" అన్నాను ధీమాగా.

ఆయన టార్చి వేసుకుని వెళ్లి వచ్చాడు. "బుట్టల్లో ఒక్కటీ లేదండీ. అన్నీ మీ మీదే ఉన్నాయి."

ఖాదర్ సాబ్ లేచి నిలబడ్డాడు. "లైటుకు వస్తున్నయ్ భాయ్! లైట్ బంద్ చెయ్యండి!"

లైటు ఆర్పేశారు. కాసేపాగి సత్యవతి గారు నా మీదికి టార్చి వేశారు. కుర్చీలన్నీ ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. పెసరట్టు మీద ఉల్లిముక్కలు చల్లినట్టు నా కోటు నిండా పురుగులు!

ఖాదర్ సాబ్ నా చెవి దగ్గరికొచ్చి దీనంగా అడిగాడు. "డాక్టర్ సాబ్, ఏం తినొచ్చిన్రు?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ సలాం. నెపం గాలి మీదికి తోసేద్దామా, ఆకాశం మీదికి తోసేద్దామా అని ఒక క్షణం ఆలోచించాను. కానీ తెల్లకంకుల దెబ్బ తిన్నవాళ్లు ఎదురుగా కూర్చుని నా మొహంలోకే చూస్తున్నారు. నోరు తెరిస్తే నిజమే వచ్చింది.

"తప్పు బుట్టలది కాదండీ, నాది. పొద్దున ఈ మందు నాలుగు చుక్కలు నా కోటు మీద ఒలకబోసుకున్నాను."

సత్యవతి గారు లేచి దగ్గరికొచ్చి, టార్చి వెలుగులో నా చేతిని తిప్పి తిప్పి చూశారు.

"అయితే ఇవన్నీ ఆడపురుగు వాసనకొచ్చినవేనా?"

"అవునండీ."

"అన్నీ మగవేనా?"

"మగవేనండీ."

"అయితే బాబూ, ఇవాళ మా చేనంతటికీ నువ్వే పెళ్లికూతురివన్నమాట!"

షామియానా గుంజలు ఊగేలా నవ్వారు జనం. ఖాదర్ సాబ్ అయితే మైకు పట్టుకునే నవ్వాడు. ఆ నవ్వు క్యాంపు చివరి ఇంటిదాకా వినిపించి ఉంటుంది. నా కోటు విప్పించి, యూరియా సంచిలో కుక్కి, మూతి బిగించి కట్టారు. ఇక ఇంటికి పోవడమే అనుకుంటుండగా సత్యవతి గారు ఖాదర్ సాబ్‌తో అన్నారు.

"నాలుగు చుక్కలకే ఇంత గొడవైందంటే మందులో పస ఉన్నట్టేనండీ. బుట్టలు ఈ రాత్రికి ఉండనివ్వండి. పెళ్లికూతుర్ని మాత్రం మీ వెంట తీసుకుపొండి."

తెల్లారి ఆవిడే ఫోన్ చేశారు. బుట్టలు నిండాయట. క్యాంపులో అందరూ తమ చేలల్లోనూ కట్టమంటున్నారట. మేడంకు చెప్పడానికి భయంభయంగా వెళితే ఆవిడ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, "పోనీలే నర్సింగ్. నా పేపర్లను ఎవ్వరూ గింత సేపు కూసోని ఇనలే" అన్నారు. ఖాదర్ సాబ్ తమ యజమానితో నా గురించి ఒకే మాట చెప్పాడట. "పిల్లగాడు ఆగమాగం మనిషి, గానీ అబద్ధం చెప్పడు. నౌకరీ ఇయ్యొచ్చు."

ఇచ్చారు. ఇన్నేళ్లుగా అదే కంపెనీలో ఉన్నాను. ల్యాబు గోడల మధ్య ఉండిపోవలసిన నా చదువును చేలోకి తోలిన మేడంకు, ఆ రాత్రికి బుట్టలు ఉండనిచ్చిన సత్యవతి గారికి, నా వెంట నిలబడిన ఖాదర్ సాబుకు ఏమిచ్చినా తీరదు. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు గుర్తొస్తారు.

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా, తూర్పు ముఖంగా నిలబడి, గ్లౌజులు తొడిగిన ఈ రెండు చేతులూ జోడించి ప్రమాణం చేస్తున్నాను. నన్ను డాక్టర్ సాబ్ అని కాదు, మహారాజా అని పిలిచినా సరే, సీసా కింద పెట్టకుండా ఎవరికీ సలాం చెయ్యను.