ఆయన ఎదుట తాగిన బొండం

కిడ్నీలు పాడై మా ఆయన డయాలసిస్‌కి పలాస వెళ్ళేవారు. రోజుకి రెండు గ్లాసులకి మించి నీళ్ళు తాగకూడదు. కొబ్బరినీళ్ళైతే చుక్క కూడా వద్దన్నారు డాక్టరు. మాదేమో కొబ్బరితోట. పైగా మా ఉద్దానంలో రోగిని చూడ్డానికి ఉత్తచేతులతో ఎవరూ రారు, బొండాలు తెస్తారు. ఒకరోజు మా ఆయన అక్క నాలుగు తెచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

"తమ్ముణ్ణి సంపుదామనొచ్చినావేటి వదినా?" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"పేమతో తెచ్చింది, తిట్టకే" అని, ఆయనే ఒక బొండం కొట్టి నాకు ఇవ్వబోయారు. "నువ్వు తాగు. నేను సూత్తాను."

నావల్ల కాదని విసురుగా పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆయన కంటపడకుండా మంచినీళ్ళు కూడా ఎప్పుడూ అక్కడే తాగేదాన్ని. బొండం పట్టుకుని మెల్లగా నా వెనకే వచ్చారు.

"ఇక్కడ దాక్కుని తాగుతన్నావని నాకు తెలుసు. నా ఎదటే తాగు. దాహం తీరిన మనిషిని సూసి సానాళ్ళయింది."

తాగాను. నా ప్రతి గుటకకీ ఆయన గొంతు కదిలింది.

ఆయన పోయి రెండేళ్ళయింది. దాహం వేస్తే ఇప్పటికీ ఆయన కుర్చీ ఎదుటికే వెళ్ళి తాగుతాను.